ఊడిన ముందు పన్నును చున్నీ చెంగున ముడివేశాను, తప్పు చేశానా?

ఎంవీపీ కాలనీ అమ్మ:

మా బాబుకు ఎనిమిదేళ్లు నిండి రెండు నెలలైంది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కదా, స్కేటింగ్ చేస్తానని ప్రాణం తీస్తుంటే ఆదివారం తీసుకెళ్లాను. జలాంతర్గామి మ్యూజియం దాటగానే రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుకలో చక్రం జారి బోర్లా పడ్డాడు. లేపి చూస్తే నోటినిండా రక్తం. పైవరసలో ముందు పన్ను ఒకటి లేదు.

నడకకు వచ్చిన ఒక పెద్దాయన "పాలపన్నేలే అమ్మా, పారేయండి, మళ్లీ వస్తుంది" అని ఓదార్చారు. నేనూ నమ్మేదాన్నే. కానీ ఆ చోటి పాలపన్నును కిందటి వేసవిలో మా అత్తగారు వాడిచేతే ఇంటి కప్పు మీదికి విసిరించారు. ఒకే చోట పాలపన్ను రెండుసార్లు ఊడదు కదా! అది గుర్తొచ్చి వెతికితే గోడ పక్కన దొరికింది.

ఇప్పుడు నా బాధ ఏమిటంటే, ఇసుక పోవాలని దాన్ని చున్నీతో గట్టిగా రుద్దాను. వేరుకు ఎర్రగా ఏదో పొర అంటుకుని ఉంటే మురికి అనుకుని గోటితో గీకాను కూడా. తర్వాత చెంగున ముడివేసుకున్నాను. కొబ్బరిబొండాల అతను కొబ్బరినీళ్లలో వేయమన్నాడు. ఎవరో కాలేజీ అమ్మాయి పాలే మంచివని పట్టుబట్టింది. టీ బండి అతను అప్పుడే విశాఖ డెయిరీ ప్యాకెట్ కత్తిరించి గ్లాసులో పచ్చిపాలు పోసి ఇచ్చాడు. పడినప్పటి నుంచి పాలలో వేసేదాకా పావుగంట అయి ఉంటుంది. ఆదివారం కావడంతో ఆస్పత్రి దొరికేసరికి మరో గంట పట్టింది.

డాక్టరు గారు పన్నును తిరిగి చిగురులో కూర్చి, సన్నని తీగతో పక్క పళ్లకు అతికించారు. రెండు వారాలు ఉంచాలట. రూట్ కెనాల్ ఇప్పుడే వద్దన్నారు. మా పిన్ని కూతురికి పదమూడేళ్లప్పుడు ఇలాగే ఊడితే పదిరోజుల్లోపే చేశారు. నేను గీకడంవల్ల పన్ను పాడవుతుందా? రూట్ కెనాల్ చేయమని పట్టుబట్టాలా?

దంతవైద్యురాలు, మద్దిలపాలెం:

పట్టుబట్టకండి. మీ డాక్టరు చెప్పింది సరైనదే. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆ పన్ను వేరు ఇంకా పూర్తిగా పెరగదు, కొస తెరిచే ఉంటుంది. అది మూసుకోవాలంటే పిల్లవాడికి దాదాపు పదేళ్ల వయసు రావాలి. తెరిచి ఉన్న కొస గుండా రక్తనాళాలు మళ్లీ పన్నులోకి పాకే అవకాశం ఉంది కాబట్టి వేచి చూస్తారు. పదమూడేళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. అందుకే మీ చెల్లెలికి రెండు వారాల్లోపు చేశారు.

మీరు గీకిన ఆ ఎర్రటి పొర మురికి కాదు, పన్నును ఎముకకు పట్టి ఉంచే కణజాలం. మళ్లీ అతుక్కోవాల్సింది అదే. గోటితో కొంత పోయి ఉంటుంది, అంతా పోదు. గాలికి ఎండుతూ గంటసేపు ఉంటే ఆ కణాలు దాదాపు అన్నీ చచ్చిపోతాయి. మీరు పావుగంటలో పాలలో వేశారు, అది చాలా మేలు. మామూలు నీళ్లలో ఉంచితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కొబ్బరినీళ్లకు కొంచెం పులుపు గుణం ఉంది, కాబట్టి పాలు దొరికినప్పుడు పాలే. ఆ కాలేజీ అమ్మాయి ఎవరో గాని సరిగ్గా చెప్పింది.

అయితే అన్నిటికన్నా మంచిది అక్కడికక్కడే తిరిగి పెట్టేయడం. వేరును ముట్టకుండా తెల్లటి భాగం పట్టుకుని, మురికి ఉంటే పాలతో గానీ సెలైన్‌తో గానీ ఒక్కసారి కడిగి, చోటులోకి నెట్టి, శుభ్రమైన రుమాలు కొరికించి పట్టించాలి. ఇది పాలపళ్లు ఊడాక వచ్చిన శాశ్వత పళ్లకే. పాలపన్ను ఊడితే ఎప్పుడూ తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్ను మొగ్గ దెబ్బతింటుంది.

ఇకమీదట ఎక్స్‌రే తేదీలు తప్పించకండి. చిగురు మీద చీముపొక్కు వచ్చినా, పన్ను రంగు మారినా ఆ తేదీ దాకా ఆగవద్దు. ఏడాది రెండేళ్లలో పక్కపన్ను కిందికి దిగుతూ ఇది మాత్రం పొట్టిగా మిగిలిపోతున్నట్టు కనిపిస్తే ఎముకకు అంటుకుపోయిందని అర్థం. టీటీ సంగతి అడిగారా?

పీఈటీ మాస్టారు, గాజువాక:

నా ఉద్యోగంలో ఇలాంటివి రెండు చూశాను. ఒకసారి కబడ్డీలో ఆరో తరగతి పిల్లవాడికి నేనే పన్ను తిరిగి పెట్టాను. చేతులు వణికాయి, అబద్ధం చెప్పను. అది నిలిచింది. రెండో పిల్లవాడి పన్నును ఆయమ్మ కుళాయి కింద బ్రష్షుతో శుభ్రంగా తోమి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది, పాపం మంచి మనసుతోనే. అది నిలవలేదు. ఇప్పుడు మా బడి ప్రథమ చికిత్స పెట్టెలో సెలైన్ సీసా తప్పక ఉంటుంది. పన్ను ఊడకుండా ముక్క విరిగినా ఆ ముక్కను దాచి తీసుకెళ్లండి, చాలాసార్లు దాన్నే అతికిస్తారు.

పెందుర్తి మేనత్త:

మాది దెబ్బ కాదు గాని చెప్పాలనిపించింది. మా మేనకోడలికి పుచ్చుపన్ను. రాత్రి నొప్పికి లవంగనూనె పూస్తే చిగురు పొక్కింది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేద్దామా అనుకుంటుండగానే తెల్లవారేసరికి చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది, పైగా జ్వరం. కేజీహెచ్ పెద్దాసుపత్రికి పరుగెత్తాము. వాపు కంటివైపు పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా తెల్లవారేదాకా ఆగకూడదని అక్కడ గట్టిగా చెప్పారు. మేము నాలుగు గంటలు ఆగాము.

ఎంవీపీ కాలనీ అమ్మ:

టీటీ చేయించాము. డాక్టరు గారూ, మీ జవాబు మా వారికి రెండుసార్లు చదివి వినిపించాను. వాడికి పెరుగన్నం, మెత్తటి ఉప్మా తప్ప ఏమీ పెట్టడం లేదని నామీద అలక. తీగ గురువారం తీస్తారు. నిన్న టీ బండి దగ్గరికి వెళ్లి పాల డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, "పన్ను నిలిచిందా?" అని మాత్రం అడిగాడు. గురువారం తర్వాత చెబుతానన్నాను.