‘ఐపీ పెట్టాడు’: ఎక్కడిదీ మాట?

‘ఫలానా షావుకారు ఐపీ పెట్టాడట’ అని కోస్తాలో తరచూ వింటాం. ‘దివాలా తీశాడు’, ‘బోర్డు తిప్పేశాడు’ అనే మాటలు ఉండగా ఈ ఐపీ ఎందుకొచ్చింది? మూడూ ఒకటేనా?

*

ఒకటి కాదండీ. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. కోర్టు రిజిస్టర్లో దావాకు ఓ.ఎస్., అమలు దరఖాస్తుకు ఇ.పి. అని నంబరు వేసినట్టే దీనికి ఐ.పి. నంబరు వేస్తారు. ఆ ఫైలు గుర్తే జనం నోట మాటై కూర్చుంది. చట్టం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. మద్రాసు నగరానికి మాత్రం వేరే చట్టం, 1909 నాటిది. 1906లో అర్బత్‌నాట్ అనే బ్యాంకు కంపెనీ కూలి మద్రాసును కుదిపేసిన మూడేళ్లకు వచ్చింది.

క్రియ కూడా గమనించండి. దావా ‘వేస్తాం’, అర్జీ ‘పెడతాం’. ఐపీకి ‘పెట్టు’ అతికింది, ఎందుకంటే ఇది బాకీదారు తనంతట తాను చేసుకునే మనవి. చట్టం ప్రకారం అప్పిచ్చినవాడు కూడా పిటిషన్ వేయొచ్చు. కానీ జనం వాడుకలో ఐపీ పెట్టేది ఎప్పుడూ అప్పు తీసుకున్నవాడే.

బోర్డు తిప్పేసినవాడికి కోర్టుతో పని లేదు, రాత్రికి రాత్రే ఉడాయిస్తాడు. చిట్టీల కంపెనీలకు ఎక్కువగా వాడతాం.

*

‘దివాలా’ ఉత్తరాది షావుకార్ల మాట. చేతులెత్తేసిన వర్తకుడు పట్టపగలే కొట్లో దీపం పెట్టేవాడనీ, దాన్నిబట్టే ఈ పేరనీ చెబుతారు. దివాలా అని రాయాలా, దివాళా అనా అని కొట్టుకుంటాం కదా! హిందీలో ‘ల’, మరాఠీలో ‘ళ’. రెండు దారుల్లో వచ్చిందనుకుంటే గొడవే లేదు. ‘దివాలాకోరు’లోని ‘కోరు’ దగాకోరులో ఉన్నదే.

*

మాట సంగతి సరే, అర్థంలోనే పెద్ద పొరపాటుంది. ‘ఐపీ పెడితే అప్పు పోతుంది’ అనుకుంటారు. పిటిషన్‌తో ఏదీ పోదు. అప్పులిచ్చినవాళ్లందరి పేర్లు, ఊళ్లు, ఎవరికెంత. తనకున్న ఆస్తి, దాని విలువ. ఇవన్నీ రాసి, ఆస్తిని కోర్టుకు అప్పగిస్తానని ఒప్పుకోవాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి రిసీవరు (దాన్ని చూసుకోవడానికి కోర్టు పెట్టే అధికారి) చేతికి పోతుంది, అదీ పిటిషన్ పెట్టిన రోజు నుంచే పోయినట్టు లెక్క. తనఖా పెట్టుకుని అప్పిచ్చినవాడి హక్కు అలాగే నిలుస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది రెండుచోట్ల. ఒకటి, ముందుగానే ఇల్లు బావమరిది పేర రాసేయడం. పిటిషన్‌కు ముందు రెండేళ్ల లోపు ఊరికే రాసిచ్చినదాన్ని కోర్టు రద్దుచేయొచ్చు (53వ సెక్షన్). నిజంగా డబ్బిచ్చి మంచి మనసుతో కొన్నవాడికి భయం లేదు. మూడు నెలల లోపు ఒక్క అప్పులవాడికే పక్షపాతంగా కట్టినా చిక్కే (54). రెండోది, విడుదల కోసం దరఖాస్తు పెట్టడం మరచిపోవడం. అప్పు నుంచి బయటపడేది ఆ విడుదల ఉత్తర్వుతోనే. గడువు కోర్టు తన ఉత్తర్వులోనే ఇస్తుంది. అది దాటితే ప్రకటనే రద్దు, పాత అప్పులన్నీ మళ్లీ మీద పడతాయి. విడుదల దొరికినా ప్రభుత్వ బాకీ, మోసంతో తెచ్చిన అప్పు పోవు. హామీ సంతకం పెట్టిన పెద్దమనిషి కూడా బయటపడడు.

*

ఒక తాజా చిక్కు. పత్రికలు ‘దివాలా స్మృతి’ అంటున్న 2016 చట్టం కంపెనీలకు నడుస్తోంది. 1920 చట్టాన్ని రద్దుచేసే సెక్షన్ అందులో ఉన్నా దాన్ని అమల్లోకి తేలేదు. మామూలు మనిషి ఐపీ ఇప్పటికీ పాత దారినే. అయితే కొత్త చట్టం కాగితాల్లో ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్, అంటే కంపెనీ పగ్గాలు చేతికి తీసుకునే నిపుణుడు. ‘కంపెనీకి ఐపీని పెట్టారు’ అన్న వాక్యం చదివి, కంపెనీయే ఐపీ పెట్టిందని అర్థం చేసుకున్నవాళ్లున్నారు. ఆ ‘ని’ విభక్తి చూసుకుంటే చాలు.