తాగిన రోజు టీఎల్‌డీ మాత్ర వేసుకోవాలా, మానాలా?

కౌన్సెలర్, ఏఆర్‌టీ
హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒకటుంది: "మందులు వాడుతూ మందు ముట్టొద్దు." ఉద్దేశం మంచిదే. విన్నవాళ్లు చేస్తున్నది మాత్రం వేరు. శనివారం క్వార్టర్ ఉందంటే ఆ రాత్రి టీఎల్‌డీని, అంటే మూడు హెచ్‌ఐవీ మందులు కలిసిన రోజువారీ మాత్రను, పక్కన పెట్టేస్తున్నారు, రెండూ కలిస్తే విషమవుతుందన్న భయంతో. పైగా మన భాషలో రెండింటికీ 'మందు' అనే మాటే. "మందు మానొద్దు, మందు మానెయ్" అని ఒకే గుక్కలో చెబితే ఎదుటి మనిషికి ఏం మిగులుతుంది? అందుకే "తాగినా సరే, మాత్ర ఆపొద్దు" అన్నది మొదటి మాట కావాలంటాను. తాగుడు తగ్గించే సంగతి ఆ తర్వాత. ఒప్పుకుంటారా?

జనరల్ మెడిసిన్
ఒప్పుకోను. మీరు "తాగినా సరే" అంటే వాళ్లకు "తాగొచ్చు" అని వినపడుతుంది. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ రాకుండా ఆరు నెలలు ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు ఇస్తాం, తోడుగా పైరిడాక్సిన్ (విటమిన్ బీ6). ఐసోనియాజిడ్ మీద మద్యం పడితే లివర్ దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది, కాళ్ల తిమ్మిర్లూ ఎక్కువవుతాయి. రోజూ గట్టిగా తాగేవాళ్లకు అసలు ఆ కోర్సే మొదలుపెట్టం. హెపటైటిస్ బీ, సీ ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వీళ్లందరి ముందూ "తాగినా సరే" అనగలమా?

ఫార్మసీ కౌంటర్
ముందు విషం సంగతి తేల్చుకుందాం. టీఎల్‌డీలో ఉన్నవి టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. మొదటి రెండూ ప్రధానంగా కిడ్నీల ద్వారా పోతాయి. డోలుటెగ్రావిర్‌ను లివర్ కరిగిస్తుంది కానీ మద్యాన్ని కరిగించే ఎంజైముతో కాదు. కాబట్టి ఈ మాత్రకూ మద్యానికీ నేరుగా కొట్లాట లేదు. మద్యం దారిలోనే వెళ్లేది అబకావిర్ అనే మరో హెచ్‌ఐవీ మందు. కలిసి తీసుకుంటే రక్తంలో దాని మోతాదు 41 శాతం పెరిగింది, అయినా డోసు మార్చాల్సినంత కాదన్నారు. ఈ భయం పాత హెచ్‌ఐవీ మందుల నుంచి వచ్చింది. ఎఫావిరెంజ్ 600 రాత్రి వేసుకుంటేనే తల తిరిగేది, దాని మీద పెగ్గు పడితే చెప్పేదేముంది. నెవిరపిన్ లివర్ మీద, డిడనొసిన్ పాంక్రియాస్ మీద పడేవి. ఆ రోజుల్లో ఇచ్చిన హెచ్చరికే ఈనాటి మాత్రకూ అంటుకుపోయింది.

అసలు దెబ్బ మర్నాడు పొద్దున. కడుపు మంట అని జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్ తాగుతారు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుంటాయి, మాత్ర ఒంటికి అందదు. యాంటాసిడ్‌కు రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా మాత్ర వేసుకోవాలి. అన్నంతో కలిపి వేసుకుంటే సర్దుకునే వెసులుబాటు ఐరన్, కాల్షియం బిళ్లలకే, యాంటాసిడ్‌కు లేదు. ఎసిడిటీకి వాడే పాంటాప్రజోల్‌తో ఈ బాధ లేదు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకోవడం ఇంకో తప్పు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు టెనోఫోవిర్, డైక్లోఫెనాక్ రెండూ కలిసి కిడ్నీని దెబ్బకొడతాయి.

ఫీల్డ్ వర్కర్, తెలంగాణ
మా దిక్కు గోళీ అంటాం. కౌన్సెలింగ్‌లో "గోళీ", "తాగుడు" అని రెండు వేరే మాటలు పెట్టుకుంటే ఆ గందరగోళం సగం పోతది.

కల్లు సంగతి ఎవ్వరూ ఎత్తలేదు. తాగేటోళ్లకు అది మందు లెక్కలోకే రాదు. "తాగుతవా?" అంటే లేదంటరు, "కల్లు?" అంటే "అది రోజూ ఉండేదే" అంటరు. కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డయాజిపామ్ అనే మత్తు పదార్థాలు కలుపుతరు. టీఎల్‌డీ మీద ఉన్నోళ్లకు అదొక ముప్పు. మొదటి గోళీలు పనిచెయ్యనప్పుడు ఇచ్చే సెకండ్ లైన్‌ల అటజనావిర్, రిటోనావిర్ మీద ఉన్నోళ్లకు పెద్ద ముప్పు. రిటోనావిర్ అల్ప్రాజోలంను లివర్‌ల తొందరగ కరగనియ్యదు, మత్తు దిగదు, ఊపిరి మందగిస్తది. అట్లాంటోళ్లను కల్లు గురించి పేరు పెట్టి అడగాలె.

కౌన్సెలర్, ఏఆర్‌టీ
డాక్టర్ గారూ, మీ అభ్యంతరం అర్థమైంది. లెక్క చూడండి. నెలకు 30 మాత్రలు. 95 శాతం మాత్రలు వేసుకోవాలన్న లక్ష్యం అంటే ఒకటికి మించి పోకూడదు. నాలుగు శనివారాలు మానితే 26, అంటే 87 శాతం. అది కూడా ఆదివారం మానకపోతేనే. కలిపి తీసుకుంటే విషమని నమ్మి మాత్ర ఎగ్గొట్టే ఈ అలవాటును అమెరికాలో మనస్తత్వవేత్త సేత్ కాలిచ్‌మన్ బృందం పరిశోధించి చూపించింది కూడా. మీరన్న హెపటైటిస్ బీ ఉన్నవాళ్లనే తీసుకోండి. టెనోఫోవిర్, లామివుడిన్ వాళ్ల హెపటైటిస్‌కూ మందే. తాగుడు భయంతో ఏకంగా ఆపేస్తే లివర్ వాపు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మీరు కాపాడాలనుకున్నవాళ్లకే నష్టం.

జనరల్ మెడిసిన్
ఆ ముక్క ఒప్పుకుంటున్నాను. మాత్ర ఆపొద్దన్నది అందరికీ వర్తిస్తుంది. కానీ ఎంత తాగితే ఎంత ముప్పో కూడా అంతే గట్టిగా చెప్పాలి. క్వార్టర్ అంటే 180 మి.లీ., 42.8 శాతం. అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 61 గ్రాములు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు, 8 శాతమైతే, 41 గ్రాములు. అమెరికా మాజీ సైనికుల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ ఉన్న మగవాళ్లలో నెలకు 30 డ్రింకుల దగ్గరే మరణాల ముప్పు పెరిగింది. లేనివాళ్లలో అది 70 దగ్గర. అక్కడ ఒక డ్రింకు 14 గ్రాములు. మన లెక్కకు మారిస్తే నెలకు ఏడు క్వార్టర్లు. వారానికి రెండు తాగేవాడు దాన్ని దాటేశాడు. "అప్పుడప్పుడే సార్" అనేవాళ్లలో ఎంతమంది ఈ గీతకు ఇవతల ఉన్నారో అడిగి చూడండి.

ఇంకొకటి. రోజూ తాగేవాణ్ని రేపటి నుంచి మానెయ్ అనడం కూడా ప్రమాదమే. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పొచ్చు. వాళ్లను డీ-అడిక్షన్‌కు పంపి వైద్యుల కింద మాన్పించాలి. ఐసోనియాజిడ్ మీద ఉన్నవాళ్లకు మాత్రం నా మాట మారదు: ఆ ఆరు నెలలూ చుక్క వద్దు. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులైనా ఐసోనియాజిడ్ ఆపి అదే రోజు రావాలి.

కొత్త సభ్యుడు
రాత్రి తొమ్మిదికి మాత్ర. ఎనిమిదికి ఫంక్షన్‌లో తాగడం మొదలవుతుంది. వేసుకున్నాక వాంతి అయితే?

ఫార్మసీ కౌంటర్
వేసుకున్న గంటలోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోండి. గంట దాటితే అక్కర్లేదు. మర్చిపోతే 12 గంటల్లోపు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. దాటితే తర్వాతి వేళకు ఒక్కటే, రెండు కలపొద్దు. తాగేది ఎక్కువగా సాయంత్రాలైతే మాత్రను పొద్దుటికి మార్చమని మీ కేంద్రంలో అడగండి. డోలుటెగ్రావిర్‌తో నిద్ర పట్టనివాళ్లకు ఎలాగూ పొద్దుటే మేలు. మార్చే రోజు రెండు మాత్రల మధ్య 24 గంటలకు మించి ఖాళీ రానివ్వొద్దు. పొద్దున ఎనిమిదికి మాత్ర వేసుకున్నారంటే కడుపు మంటకు యాంటాసిడ్ పది దాటాకే. తెల్లారి ఆరింటికే యాంటాసిడ్ తాగేసి ఉంటే ఆ రోజు మాత్ర మధ్యాహ్నం పన్నెండింటికి.