స్క్వాడ్రన్ లీడర్ బాజల్‌జెట్ (బ్రిటన్ శౌర్య పతకాలు విక్టోరియా క్రాస్ అంటే వీసీ, డీఎఫ్‌సీ పొందిన బాంబర్ పైలట్): రికార్డులు ఎక్కడ, ఆఖరి రోజు విమానంలో ఏం జరిగింది?

పాతరెక్క: ఇయాన్ విల్లోబీ బాజల్‌జెట్ 1918లో కెనడాలోని కాల్గరీలో పుట్టాడు. కానీ కెనడా వైమానిక దళం జాబితాల్లో ఎక్కడా కనబడడు. ఎందుకని? 1944 ఆగస్టు 4 నాటి వివరాలు కూడా తెలిసినవారు రాయండి.

ఫైళ్లపురుగు: అక్కడ ఎంత వెతికినా దొరకడు. పెరిగింది ఇంగ్లండ్‌లో. 1940లో బ్రిటన్ ఫిరంగి దళం రాయల్ ఆర్టిలరీలో ఆఫీసరై, 1941లో ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) వాలంటీర్ రిజర్వుకు మారాడు. కాబట్టి కాగితాలన్నీ బ్రిటన్‌లోనే. లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలుండే ఏఐఆర్ 27 వరస తీయండి. ఆయన ముందు 115 స్క్వాడ్రన్‌లో, తర్వాత 635లో ఉన్నాడు. ఫారం 540లో రోజువారీ సారాంశమే ఉంటుంది. ఏ విమానం, ఎవరెవరు ఎక్కారు, ఎన్నింటికి లేచింది అన్నవి ఫారం 541లో. పేరుతో కాదు, తేదీతోనూ విమానం నంబరు ఎన్‌డీ811తోనూ వెతకండి. ఆయన పేరు స్పెల్లింగ్ తప్పుగా ఎక్కించిన చోట్లు బోలెడు.

మెర్లిన్_మెకానిక్: రెండో ప్రశ్నకు. ఆ రోజు లక్ష్యం ఉత్తర ఫ్రాన్స్‌లో ట్రోసీ సెయింట్ మాక్సిమిన్. 635 అంటే పాత్‌ఫైండర్ దళం, వెనక వచ్చే బాంబర్లకు లక్ష్యం తెలిసేలా గుర్తు వేయడం వీళ్ల పని. లక్ష్యం చేరకముందే విమాన విధ్వంసక గుళ్లు తగిలి కుడివైపు ఇంజిన్లు రెండూ పోయాయి, కుడి రెక్కకూ లోపలా మంటలు. అయినా గుర్తు వేసి, బాంబులు వదిలాడు. విమానం ముక్కు కిందికేసి పడిపోతుంటే నిలబెట్టాడు. అంతలో ఎడమ లోపలి ఇంజిన్ కూడా ఆగింది.

ఇక్కడే అసలు చిక్కు. ఆయన నడిపిన నాలుగు ఇంజిన్ల బాంబర్ లాంకాస్టర్‌లో చక్రాలు, ఫ్లాప్‌లు (దిగేటప్పుడు రెక్కల వెనక వంచే పలకలు) దించే హైడ్రాలిక్ పంపులు లోపలి ఇంజిన్లు రెంటికే ఉంటాయి. అవి రెండూ పోతే మిగిలేది అత్యవసర గాలి సీసా. పనిచేసేది ఎడమ చివరి ఇంజిన్ ఒక్కటే. దానికి పవర్ పెంచితే ముక్కు కుడికి తిరుగుతుంది, తగ్గిస్తే ఎత్తు పోతుంది. చుక్కాని పెడల్ మీద కాలు తీస్తే విమానం కుడికి పొర్లడమే. అంటే పైలట్ సీటు వదలడమంటే విమానాన్ని వదిలేయడమే.

పాతరెక్క: మంట ఆర్పే ఏర్పాటు లేదా?

మెర్లిన్_మెకానిక్: ఇంజిన్లకు ఉంది. ఇంధనం ట్యాంకులు రెక్కలోనే. ఒక్కో వైపు మూడు. అక్కడ అంటుకుంటే ఇంజిన్ల మంట ఆర్పే సిలిండర్లు ఏం చేస్తాయి?

గగనం: ముందు ఎగ్జిట్ ముక్కు అడుగున, బాంబ్ ఎయిమర్ (బాంబులు గురిపెట్టేవాడు) పడుకునే చోట. దాదాపు 22 అంగుళాల వెడల్పే. గాయపడ్డ మనిషిని పారాచూట్‌తో సహా అందులోంచి దింపడం కలలో మాట. బాంబ్ ఎయిమర్‌కు తీవ్ర గాయం, పై గన్నర్ పొగకు స్పృహలో లేడు. దూకగలిగిన నలుగురినీ దూకమని చెప్పి, మిగతా ఇద్దరి కోసం బాజల్‌జెట్ విమానాన్ని నేలకు దించడానికి ప్రయత్నించాడు. ఫ్రాన్స్‌లోని సెనాంత్ ఊరిని తప్పించి నేలకు దించాడు కూడా. తర్వాతే పేలింది. ఆయనా, ఆ ఇద్దరూ పోయారు, దూకిన నలుగురూ బతికారు. వీసీ ప్రకటన 1945 ఆగస్టు 17న.

ఫైళ్లపురుగు: ఒక సవరణ. స్క్వాడ్రన్ లీడర్ అంటే స్క్వాడ్రన్‌కు అధిపతి అని చాలామంది రాసేస్తున్నారు. బాంబర్ స్క్వాడ్రన్‌ను నడిపేది మామూలుగా వింగ్ కమాండర్.

గగనం: మోడల్ చేసేవాళ్లకు: అల్బెర్టాలోని నాంటన్ మ్యూజియంలో ఆయన విమానం గుర్తు ఎఫ్2-టీ అక్షరాలతో ఉన్న లాంకాస్టర్ ఆయన విమానం కాదు. అది కెనడాలో తయారైన మార్క్ 10, ఎఫ్‌ఎం159. ఎన్‌డీ811 బ్రిటన్‌లో తయారైన మార్క్ 3. అక్షరాలకు ఆ ఫోటోలు పనికొస్తాయి, టరెట్ (తుపాకీ గూడు) వివరాలకు మాత్రం యుద్ధకాలపు మార్క్ 3 ఫోటోలే చూడండి.