బండి వేడెక్కితే స్టార్ట్ కావట్లేదు, కాయిలా సెన్సరా?

అన్నలూ, బండి పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నాది 2008 మోడల్ పెట్రోల్ వ్యాన్, ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం). పరకాల నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలుతుంటాను. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, కానీ మార్కెట్లో బస్తాలు దింపి పావుగంటకు మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ గిరగిరా తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు, ఇంజిన్ మీది సీటు ఎత్తి అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. రోజూ కాదు, వారంలో రెండు మూడుసార్లు, అదీ ఎండ దంచుతున్నప్పుడే.

బ్యాటరీ కొత్తది, 12.6 వోల్టులుంది. తాళం ఆన్ చేయగానే పెట్రోల్ పంపు గుయ్యిమంటుంది. మొన్న ఆగినప్పుడు ప్లగ్ విప్పి చూస్తే స్పార్క్ లేదు. ప్లగ్గులు, వైర్లు మార్చేశాం.

షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా నడుస్తుంది! మెకానిక్ ఏమో ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నాడు, నాకు నమ్మకం కుదరట్లేదు. వేడికి కాయిల్ (ప్లగ్గులకు స్పార్క్ కరెంటు ఇచ్చేది) గానీ, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టి ఈసీఎంకు చెప్పేది) గానీ పోతోందని నా అనుమానం. ఈసారి ఆగినప్పుడు కాయిల్‌కు కరెంటు వస్తుందో లేదో టెస్ట్ ల్యాంప్‌తో చూడాలా, లేక సెన్సర్ మీద తడిగుడ్డ వేసి చల్లబరిస్తే తేలిపోతుందా? హన్మకొండ వైపు బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ ఎక్కడైనా ఉన్నా చెప్పండి.