రంగు ఇంకిందా, పట్టిందా, పండిందా?

— చిత్రకళ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథాలర్ వేసిన 'మౌంటెన్స్ అండ్ సీ' అనే బొమ్మ దగ్గర 'సోక్-స్టెయిన్' అనే మాట వచ్చింది. నిఘంటువు 'మరక' అంటోంది. 'మరక పద్ధతి' అని రాసేయొచ్చా?

— 'మరక' వద్దండీ. మరక అంటే మన చెవికి ఉతికి వదిలించుకోవాల్సినదే. కూర మరక, సిరా మరక, చివరికి పేరుకు పడిన మరక కూడా. ఆ బొమ్మకు ఆ మాట తగిలిస్తే నాకైతే బాధగా ఉంటుంది.

అక్కడ జరిగిన పనేమిటో చూస్తే మాట అదే దొరుకుతుంది. 1952లో ఆవిడ కెనడాలోని నోవా స్కోషియా వెళ్ళి, కొండలూ సముద్రమూ చూస్తూ నీటిరంగుల బొమ్మలు వేసుకున్నారు. న్యూయార్క్ తిరిగొచ్చాక అక్టోబర్ 26న, 23 ఏళ్ళ వయసులో, దాదాపు పది అడుగుల వెడల్పున్న కాన్వాస్‌ను నేల మీద పరిచారు. దానికి ప్రైమర్, అంటే రంగు గుడ్డలోకి దిగకుండా ముందుగా వేసే పూత, పూయలేదు, ఉత్త గుడ్డ. బొగ్గుతో నాలుగు గీతలు గీసి, టర్పెంటైన్ పోసి నీళ్ళలా పల్చన చేసిన తైలవర్ణాన్ని దాని మీద పోశారు. గులాబీ, నీలం, ఆకుపచ్చ గుడ్డలోకి దిగిపోయాయి. ఏది కొండో ఏది నీరో వేలు పెట్టి చూపించలేం, కానీ ఆ చోటు మాత్రం తెలుస్తుంది. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో, దీర్ఘకాలిక అరువు మీద ఉంది. రంగు దిగినచోట అంచుల చుట్టూ నూనె పాకి, సన్నటి వలయంలా కనిపిస్తుంది. మీ వ్యాసంలో ఆ వలయం సంగతి వదలకండి.

ఇక్కడ రంగు 'పూశారు' అనలేం, 'అద్దారు' అనీ అనలేం. రెండూ పైపైన జరిగే పనులు. నా ఓటు 'ఇంకడం'కి. ఇంకుడు గుంత అనే మాట ఊరూరా తెలుసు కాబట్టి 'ఇంకుడు పద్ధతి' అంటే ఎవరికీ వివరించక్కర్లేదు.

— బాగుంది మాస్టారూ, కానీ చెరువు ఇంకిందంటే నీళ్ళు లేవనే కదా అర్థం? ఇక్కడ రంగు మిగిలే ఉందిగా! గోరింటాకుకు 'పండింది' అంటాం. అదీ మరకే, కానీ ఎవరూ మరక అనరు.

— నిజమే, మంచి మాట పట్టుకున్నారు. 'ఇంకడం' దిగడాన్ని చెబుతుంది, నిలవడాన్ని చెప్పదు. కానీ 'పండింది'లో ఎర్రదనం, ముదరడం ఉన్నాయి. ఈ బొమ్మలో రంగులు లేతవి, చాలాచోట్ల గుడ్డ గుడ్డలాగే మిగిలి ఉంది. అందుకే నిలవడానికి 'పట్టడం' చాలు. గుడ్డకు రంగు పట్టింది అని రోజూ అంటూనే ఉన్నాంగా.

'పాకడం' కూడా వాడుకోండి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. రంగు గీత దాటి పాకకుండా ఆ పాలు ఆపుతాయి. అక్కడ పాకితే పని చెడినట్టే. ఫ్రాంకెంథాలర్ ఆ పాకడాన్నే కోరుకున్నారు. మరుసటి ఏడాది ఈ బొమ్మ చూసిన అమెరికన్ చిత్రకారులు మోరిస్ లూయిస్, కెన్నెత్ నోలండ్ ఇద్దరూ అదే దారి పట్టారు.

వాక్యం ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి: 'పల్చటి రంగు ఉత్త గుడ్డలోకి ఇంకి, అంచుల దగ్గర పాకి, అలాగే పట్టింది.' 'సోక్-స్టెయిన్'ను మొదటిసారి తెలుగు లిపిలో ఇచ్చి, ఆ తర్వాత 'ఇంకుడు పద్ధతి' అని కొనసాగించండి. చీరాల, పెడన వైపు అద్దకం పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, రంగు ఇలా గుడ్డ లోపలికంటా దిగడానికి అక్కడ ఏమంటారో చెప్పండి.