మీటరు పెట్టిన పాయింటు ఉండగా మళ్లీ టెంకాయ ఎందుకప్పా?

అనంతపురం పిల్లోడు:
మా నాయన బోరు ఏపిస్తాండాడు. నేను జియాలజిస్టును పిలిపించినా. ఆయన నాలుగు కమ్మీలు నాటి, వైర్లు బిగించి, మీటరు చూసి పాయింటు పెట్టినాడు. ఆయన బండి గుట్ట మలుపు దాటిందో లేదో, మా నాయన టెంకాయ పట్టేటాయప్పను తోడుకొచ్చినాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగి, అది లేచి నిలబడిన కాడ ముగ్గు పోసినాడు. రెండు పాయింట్ల నడుమ 12 అడుగులు కూడా లేవు! చంద్రుడి మీద దిగినాక కూడా ఇదేందన్నా?

నాస్తికుడు:
చంద్రుడి మాట ఎత్తొద్దు తమ్ముడూ. 2023 జూలైలో చంద్రయాన్-3 ఎగిరే ముందు ఇస్రో వాళ్లే దాని నమూనా పట్టుకుని తిరుమల పోయొచ్చినారు. ఇంక మీ నాయనదేముంది? రాళ్లకు మొక్కేవాళ్లను ఉతికి ఆరేసిన వేమనకే, ఆయన సమాధి ఉన్న కటారుపల్లిలో టెంకాయలు కొడుతున్నాం. అలవాటు, భయం. అంతే.

కర్నూలు లెక్చరర్:
భయం అంటే సరిపోదు, ఏ భయమో చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త న్యూగినీ పక్కన ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. అక్కడివాళ్లు ఒడ్డునున్న మడుగులో చేపలు పడితే మంత్రం ఉండదు. అదే నడిసముద్రంలోకి పోవాలంటే పెద్ద తంతు. కేసీ కెనాల్ కింద వరి పెట్టే రైతు టెంకాయ పట్టుకుని చేనంతా తిరుగుతాడా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురం రైతు తిరుగుతాడు. బతుక్కి భరోసా వస్తే ఇదంతా దానంతటదే సడలుతుంది. సర్కారు భరోసా ఉన్న స్వీడన్‌లో ఆదివారం చర్చికి పోయేవాళ్లు ఎందరు?

కడప అక్క:
సార్, ఉద్యోగం, ఇల్లు, ఆసుపత్రి అన్నీ మేమే ఇస్తామన్న సోవియట్ సర్కారు 1931లో మాస్కోలో పెద్ద చర్చిని పేల్చేసింది. తర్వాత ఆ చోట ఈతకొలను కట్టింది. 2000 నాటికి చర్చి మళ్లీ అక్కడే లేచింది. భరోసా ఇస్తే సడలిపోయిందా?
ఇంకోటి. ఉగాది పొద్దున దేవుని కడప వెంకటేశ్వరసామి గుడికి రండి. టెంకాయ, పూలు పట్టుకుని ముస్లిం ఆడోళ్లు క్యూలో ఉంటారు. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, సామి మా అల్లుడు అంటారు. అల్లుడింటికి పోయేదానికి భయమెందుకు? మీ లెక్కలో చుట్టరికానికి చోటే లేదు.

నాస్తికుడు:
చుట్టరికం సరే అక్కా. దేవుడి పేరుతోనే తన్నుకుంటారు కూడా. దేవరగట్టులో దసరా రాత్రి సామి విగ్రహాల కోసం కర్రలతో కొట్టుకుని ఎన్ని తలలు పగులుతాయో చూసినావా?

కడప అక్క:
పగులుతాయి. కాదనలేదు.

అనంతపురం పిల్లోడు:
బోరు ముచ్చట చెప్తా ఇనండి. మీటరు పాయింటులోనే ఏసినారు. రిగ్గుకు పసుపు, కుంకుమ పెట్టి టెంకాయ కొట్టినాకే అనుకోండి. 640 అడుగులు పోయినా తెల్ల దుమ్మే. నేను జియాలజిస్టును తిట్టుకుంటాంటే, నాయన కొట్టిన టెంకాయ ముక్కలు చేసి రిగ్గు పిల్లోళ్లకు పంచుతాండాడు. కోపం రాలేదా అని అడిగినా.

"ఆ సారు తప్పు చెప్పినాడనుకుంటే ఆయన మీద రావాల. సామి ఈలేదనుకుంటే ఎవరి మీదా రాదు. కోపం పెట్టుకుని అప్పు కట్టేదెట్ల?" అన్నాడు.

దీన్ని భయం అనాల్నో, చుట్టరికం అనాల్నో నాకు తెలీలేదు. రిగ్గు రేపు పొద్దున్నే పోతాదంట. టెంకాయ లేచిన కాడ కూడా ఒకటి ఏపిద్దామంటాండాడు. అడుగుకు ఎంత తగ్గిస్తారో బేరమాడుతాండా.