తుంబై, తుమ్మికూర ఒకటేనా? పాముకాటుకు పనిచేస్తుందా?

పెరంబూరు నుంచి ప్రశ్న:
వానల తరువాత మా వీధి చివరి ఖాళీ స్థలంలో తెల్లపూల మొక్క ఒకటి విరివిగా మొలిచింది. ఇక్కడివారు దానిని తుంబై అంటున్నారు. కరీంనగర్‌లో మా అమ్మమ్మ వినాయక చవితినాడు తప్పక వండే తుమ్మికూర ఇదేనా? దీని ఆకుపసరుతో పాముకాటు నయమవుతుందని పొరుగువారు చెప్పిన మాట నమ్మదగినదేనా?

మొదటి సమాధానం:
అదేనండి. కాండం నాలుగు పలకలుగా, గరుకుగా ఉండి, సన్నని ఆకులు ఎదురెదురుగా వచ్చి, పూలు కణుపుల చుట్టూ గుత్తులుగా పూస్తే అది తుమ్మి, అంటే ల్యూకాస్ ఆస్పెరా. ఇది తులసి కుటుంబానికి చెందినది కనుక పువ్వుకు రెండు పెదవులుంటాయి; పైది చిన్నదిగా నూగుతో, కిందిది వెడల్పుగా పరుచుకొని ఉంటుంది. ముళ్ల తుమ్మచెట్టుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. లేత ఆకులనే కోయండి, ముదిరితే చేదెక్కువ. మా ఇంట్లో పప్పులో వేసి చింతపండు పులుసు తగిలిస్తాము. అయితే మురుగు పారే చోట, దోమల మందు చల్లిన చోట కోసినది మాత్రం పిల్లలకు పెట్టవద్దు.

రెండవ సమాధానం:
తరతరాలుగా మద్రాసులో ఉంటున్న మాకు ఈ పువ్వు శివపూజకు ఎంతో ప్రీతికరమైనది. ప్రాచీన తమిళ కవిత్వం వెలసిన సంగకాలంలో తమిళులు తుది పోరుకు దిగే వీరులకు తుంబై మాల వేసేవారు, అందుకే ఆ కవితల్లో అటువంటి యుద్ధవర్ణనకు తుంబై అనే పేరే స్థిరపడింది. గడ్డిలో కనబడీ కనబడని ఇంత చిన్న పువ్వుకు అంతటి గౌరవం దక్కడం నాకు నేటికీ ఆశ్చర్యమే. తెల్లని పంచెను, మెత్తని ఇడ్లీని తుంబపువ్వుతో పోల్చడం ఇక్కడ నిత్యం వినబడుతుంది. కేరళలో ఓణం పూలముగ్గులోనూ దీనికి చోటుంది.

మూడవ సమాధానం:
జలుబుకు పూలు నలిపి వాసన చూడడం, గజ్జికి ఆకుపసరు రాయడం, దోమలకు ఎండిన మొక్కతో పొగవేయడం పల్లెల్లో ఉన్నవే. పాముకాటు విషయంలో మాత్రం దయచేసి దీనిని నమ్ముకోవద్దు. కరిచిన పాము విషం లేనిదైనా, విషపుపామే కరిచి విషం ఎక్కించకపోయినా, మనిషి పసరు లేకుండానే బతుకుతాడు. ఆ పేరు పసరుకు దక్కుతుంది. నాగుపాము, కట్లపాము విషం నరాలను స్తంభింపజేసి ఊపిరిని ఆపగలదు, రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, వీటికి విరుగుడు ఆసుపత్రిలో ఇచ్చే సూదిమందే. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని చాలావరకు మన చెన్నై దాపున వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన, పాములు పట్టడంలో పేరొందిన ఇరుళర్లనే గిరిజనుల సహకార సంఘం పాముల నుంచి తీసి అందిస్తోంది. కాటు పడిన కాలును కదలనీయక, గాయాన్ని కోయక, కట్టు బిగించక, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.